పచ్చరాయి సంగతి చెప్పిన సారుకి థాంక్స్

పులివెందుల వైపు మా మామయ్య పొలంలో దొరికిన పచ్చరాయి ఏంటో చెప్పిన సారూ, పేరు అడిగేలోపే మీరు బస్సు దిగిపోయారు, అందుకే ఇక్కడ చెప్తున్నా, చాలా చాలా థాంక్సండీ. ఊళ్లో అందరూ జేడ్ (నగల్లో వాడే ఆకుపచ్చ రత్నం) అన్నారు, మీరేమో చాకు మొనతో గీసి చూపించారు, గీత పడింది, జేడ్ అయితే గట్టిదనం (రాళ్లకి 1 నుంచి 10 దాకా వేసే మోస్ కొలతలో) 6 పైనే కాబట్టి చాకుకి లొంగదు, ఇది సర్పెంటైన్ అనే మెత్తటి ఆకుపచ్చ ఖనిజం, వేంపల్లె డోలమైట్ (సున్నపురాయి లాంటి) రాళ్లలోకి వేడి శిలాద్రవం చొరబడిన చోట పుడుతుంది అని ఓపిగ్గా చెప్పారు. అన్నిటికన్నా ముఖ్యం, అందులో పట్టుదారంలా మెరిసే చార ఆస్బెస్టాస్ అని, కోయొద్దు, అరగదీయొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ కూడా రావచ్చని గట్టిగా హెచ్చరించారు చూడండి, అది ఎప్పటికీ మర్చిపోను. మా తమ్ముడు అప్పటికే లాకెట్ కోసం సానపట్టించడానికి రెడీగా ఉన్నాడు! మీరెక్కడున్నా చల్లగా ఉండాలి సార్.