యుద్ధానికి పోయిన పంటు

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం అనుబంధంలో అమెరికా అంతర్యుద్ధం మీద వేసిన వ్యాసం బాగానే ఉంది, కాదనను. కానీ నౌకల భాగంలో మానిటర్, వర్జీనియా అనే రెండు ఇనుప ఓడలు ఒకదాన్నొకటి కొట్టుకోవడం తప్ప ఇంకేమీ లేదు. గోదావరి ఒడ్డున కూర్చుని చదివే మాలాంటివాళ్లకి కావాల్సిన కథ మిసిసిపీ నది మీద జరిగింది, దాన్ని మీవాళ్లు ఒక్క వాక్యంలో దాటేశారు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి గానీ పడవల సంగతులు మాత్రం ఉంచండి.

1861లో యుద్ధం మొదలయ్యేనాటికి ఉత్తరాది ప్రభుత్వానికి ఆ నదుల మీద చెప్పుకోదగ్గ బలగం లేదు. సముద్రపు ఓడలు తెద్దామంటే దిగువ మిసిసిపీ అంతా శత్రువు చేతిలో, అంటే దక్షిణాదివాళ్ల చేతిలో ఉంది, పైన ఉపనదుల్లో వాటికి లోతు చాలదు. జాన్ రాడ్జర్స్ అనే నేవీ అధికారి సిన్సినాటి వెళ్లి మామూలు స్టీమర్లు మూడు కొన్నాడు. వాటి పేర్లు టైలర్, లెక్సింగ్టన్, కొనెస్టోగా. ఇనుము లేదు, 5 అంగుళాల మందం ఓక్ చెక్కలు చుట్టూ బిగించి, బాయిలర్లను కిందికి దించి, ఫిరంగులు ఎక్కించారు, అంతే. ఇంకో తమాషా ఏమిటంటే పడవలేమో ఆర్మీవి, కెప్టెన్లు నేవీవాళ్లు, దారి చూపే పైలట్లు ఆ నది మీదే బతికే సివిలియన్లు. 1862 అక్టోబరు 1 దాకా ఆ దళం నేవీ చేతికి రాలేదు. ఒక్క రేవు కోసం మూడు శాఖల మధ్య ఫైలు తిరగడం చూసినవాళ్లకి ఇదేమీ వింత కాదులెండి.

తర్వాత జేమ్స్ ఈడ్స్ వచ్చాడు. నదిలో మునిగిపోయిన సరుకు పైకి తీసే వ్యాపారంలో ఎదిగినవాడు, మిసిసిపీ అడుగు ఎలా ఉంటుందో తెలిసినవాడు. 1861 ఆగస్టులో ఏడు ఇనుప పడవలకి కాంట్రాక్టు తీసుకున్నాడు. 175 అడుగుల పొడవు, 51 అడుగుల వెడల్పు, ఒక్కోదాని మీద 13 ఫిరంగులు, ఇంతా చేసి నీళ్లలో మునిగేది 6 అడుగులే! పక్కలు ఏటవాలుగా ఉండటంతో జనం వాటిని తాబేళ్లనేవారు. కైరో, సిన్సినాటి, సెయింట్ లూయిస్, ఇలా అన్నిటికీ అక్కడి నది ఒడ్డు ఊళ్ల పేర్లే. ఇనుము రెండున్నర అంగుళాలే, అదీ పడవంతా కాదు, నీటి కింద అసలు లేదు. కైరోకి అదే ముంచుకొచ్చింది. 1862 డిసెంబరు 12న మిసిసిపీ ఉపనది యాజూలో గాజు జాడీల్లో మందు కూరి పెట్టిన మందుపాతర తగిలి పన్నెండు నిమిషాల్లో మునిగిపోయింది. మనుషులు మాత్రం ఒక్కరూ పోలేదు. 1956లో దాని జాడ పట్టుకుని, 1964లో లేపబోతే ఇనుప తాళ్లు చెక్కలోకి కోసుకుపోయాయి, చివరికి మూడు ముక్కలు చేసి తీశారు. 2019లో కచ్చులూరు దగ్గర బోటు తీయడానికి మనవాళ్లు పడ్డ తిప్పలు తెలిసినవాళ్లకి ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడా పడవ విక్స్‌బర్గ్‌లో జనం చూడటానికి ఉంది.

నాకు అన్నిటికంటే నచ్చినవి సగంలో వేషం మార్చుకున్న పడవలు. ఎసెక్స్ అనేది అంతకుముందు మనుషుల్ని నది దాటించే ఫెర్రీ. మన సఖినేటిపల్లి రేవులో పంటుకి ఇనుప రేకులు కొట్టి ఫిరంగి పెట్టడం లాంటిదే. బెంటన్ అయితే నదిలో అడ్డంపడ్డ మానులూ మోడులూ పీకే పడవ, అదే చివరికి దళంలో గట్టి పడవల్లో ఒకటైంది. కారొండలెట్ 1862 ఏప్రిల్‌లో ఒక రాత్రి గాలివానలో శత్రువు ఫిరంగుల ముందునుంచే జారిపోయింది, గుండ్లకి అడ్డుగా పక్కన ఎండుగడ్డి నింపిన బార్జి కట్టుకుని! దక్షిణాదివాళ్లూ తక్కువ తినలేదు. ఇనుము దొరక్క రెండు చెక్క గోడల మధ్య పత్తి కూరి స్టీమర్లని యుద్ధానికి దించారు. అదే ఏడాది మే 10న ఆ పత్తి పడవలే గుద్ది రెండు తాబేళ్లని ముంచేశాయి కూడా (తర్వాత పైకి లేపారనుకోండి).

దానికి జవాబు చెప్పింది నేవీ మనిషి కాదు, వంతెనలు కట్టే ఇంజనీరు. చార్లెస్ ఎల్లెట్ ఫిరంగుల్లేని స్టీమర్ల ముక్కులు దుంగలతో గట్టిచేసి, తమ్ముణ్ణీ కొడుకునీ వెంటేసుకుని, జూన్ 6న మెంఫిస్ దగ్గర శత్రువు పడవలమీదికి తిన్నగా పోనిచ్చాడు. ఊరు ఊరంతా గట్టెక్కి చూస్తుండగా దక్షిణాది దళంలో ఒక్క పడవ తప్పించుకుంది. ఎల్లెట్‌కి మోకాలికి పిస్టల్ గుండు తగిలి రెండు వారాలకి పోయాడు.

చిన్న పాయల కోసం పల్చటి రేకు తొడిగిన స్టీమర్లు ఉండేవి, అరవైకి పైనే. తుపాకీ గుండు ఆపితే చాలు, ఫిరంగి దెబ్బకి ఆగవు. రెడ్ రోవర్ అని ఆసుపత్రి పడవ ఒకటి. శత్రువు దగ్గర పట్టుకున్న స్టీమరుకి ఆపరేషన్ గది, లిఫ్టు, 300 టన్నుల ఐసు పట్టే గది, పొగ గొట్టం నుసి లోపలికి రాకుండా కిటికీలకి పల్చటి గుడ్డ అమర్చారు. అందులో నన్స్, నల్లజాతి మహిళలు నర్సులుగా పనిచేశారు.

1864లో జరిగింది మన ధవళేశ్వరంవాళ్లు తప్పకుండా చదవాలి. రెడ్ నదిలో నీళ్లు తగ్గి, అలెగ్జాండ్రియా దగ్గర రాళ్ల వరస పైన పది పడవలు ఇరుక్కున్నాయి. జోసెఫ్ బెయిలీ అనే ఆర్మీ ఇంజనీరు రెండు ఒడ్లనుంచీ చెట్లూ రాళ్లూ వేసుకుంటూ వచ్చి, మధ్యలో బార్జిలు ముంచి ఆనకట్ట కట్టాడు. మే 9న నీటి ఒత్తిడికి రెండు బార్జిలు కొట్టుకుపోతే ఆ గండిలోంచి ముందు దూకి బయటపడింది ఇనుప పడవ కాదు, మొదట కొన్న చెక్క స్టీమరు లెక్సింగ్టన్. ఇనుప పడవలకైతే బరువు తగ్గడానికి రేకులు పీకి నదిలో పారేయాల్సి వచ్చింది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికే, 1852లోనే, పూర్తయింది.

ఆ యుద్ధం గోదావరినీ వదల్లేదు. అమెరికా పత్తి ఆగిపోయి ఇంగ్లాండులోని లాంకషైర్ మిల్లులు మూతబడుతుంటే, బేరార్ (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ ప్రాంతం) పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి దించాలన్న ఆలోచనకి ఊపొచ్చింది. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్టా కాలవా లాకులూ ఆ పనిలోవే. 1871లో దాన్ని ఆపేశారు.

కాబట్టి నా కోరిక ఒకటే. వాళ్లు మోడులు పీకే పడవకి కూడా చరిత్ర రాసుకున్నారు. మన కాలవల మీద గూటి పడవలు నడిపినవాళ్లు, లాకుల దగ్గర పనిచేసినవాళ్లు, లాంచీ సరంగుల కుటుంబాలు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. ఏ పడవ ఎంత లోతులో నడిచేది, ఎన్ని బస్తాలు ఎక్కేవి, ఏ కర్రతో కట్టేవారు, ఎండాకాలం కాలవలు కట్టేస్తే వాటిని ఎక్కడ పెట్టేవారు, ఇవన్నీ వాళ్లనడిగి జిల్లా పేజీలో వారానికో పడవ గురించి రాయించండి. సముద్రపు ఓడల గురించి తర్వాతైనా రాయొచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు,
రాజోలు