మామా, నీ ఎర్ర కేబుల్ సంగతి

విజయవాడ
ఆదివారం మధ్యాహ్నం

రేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది. జవాబు రాయనందుకు ఎంత తిట్టినా పడతాను. శ్రావణం కదా, ముహూర్తాల మీద ముహూర్తాలు. ఈ నెలలో ఇంట్లో పట్టుమని పది రాత్రులు పడుకోలేదు. ఫోన్ చేద్దామనుకున్నా గానీ ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. సగంలో నువ్వు "ఆగరా, ఆఫీసులో పిలుస్తున్నారు" అంటావు.

ముందు ఇంటి కబుర్లు. అమ్మ మోకాలు నయం, మెట్లు ఎక్కుతోంది. చిన్నదాన్ని ఒకటో తరగతిలో వేశాం. కృష్ణకి నీళ్లొచ్చాయి, సాయంత్రమైతే బ్యారేజీ మీద జాతరే. అంతే, అయిపోయాయి.

ఇక అసలు సంగతి. గిటార్‌కి వైర్‌లెస్ కొన్నాను. ఆగు, అప్పుడే "తాడు తెంపుకున్న గిత్త" అనకు. కథంతా విని అప్పుడు అను.

2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మన రిహార్సల్ రూంలోకి నడుం లోతు నీళ్లొచ్చాయని నీకు తెలుసు. కేబుళ్ల సూట్‌కేసు ఎన్ని రోజులు ఆ బురదలో నానిందో! కడిగాం, డాబా మీద ఆరేశాం, అయినా ప్లగ్గులకు తుప్పు పట్టింది. కాస్త కదిలితే చాలు, గరగర. ఒక్కొక్కటీ పారేస్తూ వచ్చాం. మేకుకి వేలాడుతున్న నీ ఎర్ర కేబుల్ ఒక్కటే దక్కింది. ఇరవై అడుగులది, గుర్తుందా, కొన్న రోజు రాత్రి బీసెంట్ రోడ్డులో... సరే, అది రాయకూడదు, మీ ఆవిడ చదువుతుంది.

అందుకని ఈసారి కేబుల్ బదులు వైర్‌లెస్ తీసుకున్నా. రెండు చిన్న ముక్కలు, ఒక్కోటి అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది. ఒకటి గిటార్ జాక్‌లో గుచ్చాలి, రెండోది, అదే రిసీవర్, కాళ్ల దగ్గరుండే పెడల్ బోర్డుకి. ఛార్జింగ్ లోపలే. మొదటి రిహార్సల్లో నాకు నచ్చలేదు మామా. గిటార్ మరీ పదునుగా, గాజు మీద గీసినట్టు పలికింది. మర్నాడు అర్థమైంది. పొడుగు కేబుల్ పై స్వరాల మెరుపుని కొంత మింగేస్తుంది, ఇన్నేళ్లుగా ఆ మింగిన శబ్దమే మన చెవికి అలవాటైంది. టోన్ నాబ్ పదినుంచి ఏడుకి దించాను, మన గిటార్ మనకొచ్చేసింది.

మీటాక శబ్దం ఆలస్యంగా వస్తుందేమోనని మన డ్రమ్మర్ అనుమానం. పెట్టె మీద 6 మిల్లీసెకన్ల లోపు అని ఉంది. శబ్దం గాలిలో మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు వెళ్తుంది కదా, అంటే ఆంప్ స్పీకర్‌కి రెండు మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టు. నువ్వు ఎప్పుడూ అంతకంటే దూరంలోనే నిలబడేవాడివి! మూడు వారాల రిహార్సల్లో ఒక్కసారి కూడా శబ్దం తెగలేదు. కళ్లు మూసుకుని నమ్మాను.

మొన్న గురువారం గన్నవరం దారిలో ఒక ఫంక్షన్ హాల్లో రిసెప్షన్. నాలుగింటికే వెళ్లి చెక్ చేశాం. ఖాళీ హాలు. వెనక తలుపులదాకా నడుస్తూ వాయించా, నీటుగా వచ్చింది. రిసీవర్‌ని బోర్డు మీదే, నేల మీద, మానిటర్ స్పీకర్ వెనక వదిలేశాను. తప్పు అక్కడే జరిగింది, కానీ అప్పుడు తెలియదు.

ఎనిమిదిన్నరకి ఏడు వందల మంది. అందరి చేతుల్లో ఫోన్లు. లైవ్ ఇచ్చే కుర్రాళ్లు తమ రూటర్ తెచ్చి సరిగ్గా నా రిసీవర్ పక్కనే పెట్టారు, నేను చూసుకోలేదు. పెళ్లికూతురు స్టేజీ మీదకి వచ్చి నా చెవిలో, "మా మామ్మ మూడో వరసలో ఉంది, ఒక్క పాట ఆవిడ దగ్గర వాయిస్తారా" అంది. దీనికోసమే కదా తాడు తెంపుకున్నది! దిగి నడిచాను.

మామ్మకి ఎనభై దాటి ఉంటాయి. నేను ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని ఒక పాత మెలోడీ అందుకున్నా. ఆవిడ నన్ను చూడకుండా చెయ్యి చాపి, పసుపు ఇంకా వదలని ఆ అరచేతిని గిటార్ చెక్క మీద ఆనించింది. రెండు గాజులు చెక్కకి తగిలి టిక్కుమన్నాయి. పక్కనున్న కోడలు, "అత్తయ్యకి వినిపించదండీ, చేత్తోనే వింటుంది" అంది.

అప్పుడు తెగింది మామా.

కేబుల్ అయితే గరగరమని ముందే చెబుతుంది. ఇది చెప్పదు. నోరు మూసినట్టు ఆగిపోయింది, మళ్లీ ఒక ముక్క వచ్చింది, మళ్లీ లేదు. స్పీకర్లలో గిటార్ లేదు, డ్రమ్స్ మాత్రం నడుస్తున్నాయి. నా ఒళ్లంతా చెమట. చరణం సగంలో ఉంది. కీబోర్డు బాబాయ్ సంగతి కనిపెట్టి ట్యూన్ అందుకున్నాడు, దేవుడు లాంటి మనిషి. నేను లేచి వచ్చేద్దామనుకున్నా గానీ ఆవిడ చెయ్యి గిటార్ మీదే ఉంది, కళ్లు మూసుకుని తల ఊపుతోంది. ఆవిడకి పాట ఆగలేదు! ఎలా లేస్తాను? తీగల్ని ఇంకా గట్టిగా మీటుతూ పాట చివరిదాకా వాయించాను. ఏడు వందల మందిలో ఆ ఒక్క అరచేతికి.

తర్వాత పరుగెత్తి స్టేజీ ఎక్కి నీ ఎర్ర కేబుల్ గుచ్చాను. ఒక్క గరగర లేదు. భోజనాల విరామందాకా అదే లాక్కొచ్చింది.

విరామంలో సౌండ్ పెద్దాయన వచ్చి చూసి విడమర్చి చెప్పాడు. ఇది 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే. మనిషి ఒంట్లో ఉండేది చాలావరకు నీరే కాబట్టి ఆ తరంగాన్ని తాగేస్తుంది. నేను స్టేజీకి వీపు పెట్టి కూర్చున్నా, నా ఒళ్లే మొదటి అడ్డం. ఆ వెనక రెండు వరసల జనం, ఆ వెనక మానిటర్. పైగా మాది ఆన్ చేసినప్పుడే ఖాళీ ఛానల్ వెతుక్కుంటుంది, నేను వెతికించింది నాలుగింటికి, ఖాళీ హాల్లో.

రూటర్ని వీడియో వాళ్ల టేబుల్ దగ్గరికి పంపించాం. రిసీవర్ని ఒక మైక్ స్టాండుకి టేపుతో కట్టి, తలకంటే ఎత్తులో, స్టేజీ అంచున నిలబెట్టాం. మరి అక్కణ్నుంచి పెడల్ బోర్డుదాకా? నీ ఎర్ర కేబులే! జనం హాల్లో ఉండగానే ఆపి మళ్లీ ఆన్ చేశా. ఇక నుంచి ప్రతి ప్రోగ్రాంకీ ఇదే పద్ధతి, బోర్డు మూతలో రాసి అంటించాను. 5.8 గిగాహెర్ట్జ్‌వి కూడా ఉన్నాయట, అక్కడ రద్దీ తక్కువ. కానీ అడ్డం వస్తే అవి ఇంకా తొందరగా ఆగుతాయన్నాడు. డబ్బులు చూసుకుని ఆలోచిస్తా.

రెండో విడతలో మళ్లీ మామ్మ దగ్గరికెళ్లాను. ఈసారి ఒక్క స్వరం తెగలేదు, హాలంతా చప్పట్లు. స్పీకర్లు పలుకుతున్నాయి కదా, నేను హాయిగా, మెత్తగా మీటాను. అయ్యాక ఆవిడ చెయ్యి తీసి నా భుజం తట్టి ఏమందో తెలుసా?

"ఇందాకటిదే బాగుంది బాబూ. చేతికి బాగా తగిలింది."

అప్పట్నుంచీ ఆ మాటే తిరుగుతోంది బుర్రలో. మనం ఇన్నేళ్లూ స్పీకర్ల వైపే చూసి వాయించాం కదా, ఒక్కసారైనా ఆ చెక్క... నీకెలా చెప్పాలో తెలియడంలేదు. నువ్వొచ్చినప్పుడు చెప్పను, నీ అరచెయ్యి పెట్టించి చూపిస్తా.

డ్రమ్మర్ కింద హారన్ కొడుతున్నాడు, ఆరింటికి గుంటూరు బ్రాడీపేటలో ప్రోగ్రాం. వారధి మీద ట్రాఫిక్ ఎలా ఉందో ఏమో. ఎర్ర కేబుల్ నా దగ్గరే ఉంచుకుంటున్నా, అడగకు. మిగతాది తర్వా

మళ్లీ హారన్. ఉంటాను మామా.