నాన్న పెన్షన్ కేసులో తోడు నిలిచిన వాళ్లందరికీ

నాన్నకు డిజెబిలిటీ పెన్షన్ వచ్చింది. ట్రిబ్యునల్ తీర్పు వచ్చిన రోజే ఈ నాలుగు ముక్కలు రాద్దామనుకున్నాను గానీ, డబ్బులు బ్యాంకులో పడేదాకా నోరు విప్పొద్దని అమ్మ ఒట్టు పెట్టించుకుంది. సర్కారు వాళ్లు పైకోర్టుకు వెళ్తారేమోనని ఆవిడ టెన్షన్. మొన్న కొత్త పీపీఓ, అంటే పెన్షన్ చెల్లించమనే ఆర్డరు కాగితం, వచ్చింది, బకాయి కూడా పడింది. ఇక రాయొచ్చు.

తెలియని వాళ్ల కోసం ముందు సంగతి చెబుతాను. మాది గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర, వంశధార పక్కనే. నాన్న ఆర్టిలరీలో గన్నర్‌గా చేరి హవల్దారుగా రిటైరయ్యారు. సర్వీసంతా ఫిరంగుల పక్కనే గడిచింది. ఇంటికొచ్చేసరికి కుడి చెవి పోయినట్టే, ఎడమది సగం. రిటైరయ్యే ముందు మెడికల్ బోర్డు పరీక్ష చేసి వినికిడి లోపం 30 శాతం, జీవితాంతం ఉంటుంది అని రాసింది. అదే కాగితంలో నాలుగు గళ్లు కిందకు వస్తే, ఇది సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసులో ముదిరిందీ కాదు అని కూడా రాసింది. డిజెబిలిటీ పెన్షన్ రావాలంటే లోపం కనీసం 20 శాతం ఉంటేనే చాలదు, దానికీ సర్వీసుకూ సంబంధం ఉందని కూడా తేలాలి. ఆ ఒక్క ముక్కతో మామూలు సర్వీసు పెన్షన్ తప్ప ఇది రాకుండా పోయింది. మొదటి అప్పీలు పెట్టారు, రెండో అప్పీలు పెట్టారు. రెండింటికీ ఒకే జవాబు వచ్చింది. తేదీ మారిందంతే.

మొదటి దణ్ణం పర్లాకిమిడిలో ఉండే రిటైర్డ్ సుబేదారు గారికి. పేరు రాస్తే ఊరుకోనన్నారు కాబట్టి రాయడం లేదు. ఆయనది నాన్న రెజిమెంటు కాదు, మాకు చుట్టమూ కాదు. సర్వీసంతా క్లర్కుగా చేశారు కాబట్టి కాగితం చదవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. అమ్మ కష్టాలు చెప్పుకోబోతే ఆపి, కళ్లజోడు తుడుచుకుని, బోర్డు కాగితం మొత్తం రెండుసార్లు చదివారు. తర్వాత పెన్సిల్‌తో ఒక గడి చుట్టూ గీత గీశారు. "చూడమ్మా, కాదు అని రాశారు. ఎందుకు కాదో ఎక్కడ రాశారో చూపించు" అన్నారు. కారణం రాయాల్సిన ఆ గడిలో 'సర్వీసుతో సంబంధం లేదు' అని ఒక్క లైనే ఉంది. ఎందుకు లేదు అంటే, లేదు కాబట్టి లేదు!

కేసంతా ఆ గడి మీదే నడిచింది. మనిషిని పరీక్షించి, లోపం ఏమీ లేదని రాసుకుని చేర్చుకున్నాక, తర్వాత వచ్చిన జబ్బు సర్వీసుది కాదనాలంటే బోర్డు కారణం చూపించాలి. 1982 నాటి ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్ ప్రకారం రుజువు చేసుకోవాల్సిన భారం జవానుది కాదు, అనుమానం ఉంటే అది జవానుకే అనుకూలం. 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. ఇదంతా సుబేదారు గారు నాన్న ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిచి మరీ చెప్పారు. వీధి వీధంతా వింది. మా పక్కింటి వాళ్లకు కూడా ఇప్పుడు మిలిటరీ పెన్షన్ రూల్స్ కంఠతా వచ్చు.

చేర్చుకున్నప్పుడు చేసిన మెడికల్ కాగితం మా దగ్గర లేదు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేసి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టించిందీ ఆయనే. వచ్చిన కాపీ మసకబారిపోయి ఉంటే బజారులో జిరాక్స్ షాపు తమ్ముడు ముదురుగా తీసి, లేతగా తీసి, పెద్దది చేసి, అక్షరం కనబడేదాకా వదల్లేదు. అందులో చెవుల దగ్గర 'కుడి 610, ఎడమ 610' అని ఉంది. అంటే 610 సెంటీమీటర్ల దూరాన డాక్టరు గుసగుసగా అన్న మాట ఏ చెవికి ఆ చెవికి విడిగా వినబడిందన్నమాట. ఇప్పుడు ఒకే మంచం మీద కూర్చుని పిలిచినా నాన్న పలకరు. ఆ తమ్ముడు పాడైన కాపీలకు డబ్బు తీసుకోలేదు.

మాజీ సైనికుల పనులు చూసే బరంపురం సైనిక్ బోర్డు ఆఫీసులో ఒకాయన మమ్మల్ని కూర్చోబెట్టి దారి చెప్పారు. ఒడిశా వాళ్ల కేసులు సాయుధ దళాల ట్రిబ్యునల్ కోల్‌కతా బెంచికి వెళ్తాయట. ఆంధ్ర వైపు ఉండే మా చిన్నాన్నకైతే చెన్నై బెంచి. ఏ గట్టున ఉన్నామన్నదాన్ని బట్టి ఏ రైలెక్కాలో తేలుతుంది మరి.

కోల్‌కతా లాయరు గారు బెంగాలీ. మాకు బెంగాలీ రాదు, ఆయనకు తెలుగు రాదు. నాన్న మిలిటరీ హిందీతోనే పనంతా జరిగింది. సగం ఫీజే తీసుకుని మిగతాది డబ్బులొచ్చాక చూద్దామన్నారు. వెళ్లినప్పుడల్లా ఖరగ్‌పూర్‌లో దిగి మా అత్తయ్య వాళ్ల బంధువుల ఇంట్లో ఉన్నాం. రైల్వే ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడే స్థిరపడిపోయిన తెలుగువాళ్లు. తెల్లవారుజామున లేచి క్యారేజీ కట్టి పంపిన ఆ తల్లికి ఏమిచ్చి రుణం తీర్చుకోను?

బెంచి మీద ఇద్దరు ఉంటారు, ఒకరు జడ్జి, ఒకరు సైన్యంలో పెద్ద హోదాలో చేసి రిటైరైన ఆఫీసరు. లాయరు గారు 610 ఉన్న కాగితం, పెన్సిల్ గీత ఉన్న కాగితం పక్కపక్కన పెట్టి చూపించారు. ఆఫీసరు గారు నాన్న వైపు తిరిగి "ఏ గన్ను?" అని అడిగారు. నాన్నకు వినబడలేదు. నవ్వి నమస్కారం పెట్టారు. లాయరు గారు చెవిలో చెబితే అప్పుడు "130 ఎంఎం, సార్" అని కోర్టు అదిరిపోయేలా అరిచారు. ఇంకో సాక్ష్యం దేనికి!

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. 30 శాతాన్ని 50గా లెక్కకట్టమన్నారు. బోర్డు 50 కంటే తక్కువ వేస్తే 50గా తీసుకునే పద్ధతి మొదట్లో అనారోగ్యంతో మధ్యలో పంపేసిన వాళ్లకే ఉండేది. 2014లో సుప్రీంకోర్టులో రామ్ అవతార్ కేసుతో గడువు పూర్తిచేసి రిటైరైన వాళ్లకూ వచ్చింది. నూరు శాతం లోపానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు. ఆ లెక్కన నాన్నకు 9 శాతం రావాల్సింది 15 అయింది. బకాయి మాత్రం కేసు వేసిన నాటికి వెనక మూడేళ్లకే ఇచ్చారు. ఆ ముందు ఏళ్లవి పోయినట్టే. అమ్మ దానికి ఇంకా గొణుగుతూనే ఉంది, గొణగనీ.

మిలిటరీ పెన్షన్ల వెబ్‌సైటు స్పర్శ్ పోర్టల్‌లో పేరు స్పెల్లింగ్ సరిచేసి, లైఫ్ సర్టిఫికెట్ పెట్టించిన సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్) బాబుకూ థాంక్స్. "కోర్టుకెక్కితే ఉన్న పెన్షన్ కూడా పీకేస్తారు" అని భయపెట్టిన పెద్దమనుషులకూ ఓ నమస్కారం. అది పడుతూనే ఉంది, దాని పక్కన ఇదీ పడుతోంది.

మన వైపు ఇలాంటి కాగితం పెట్టెలో పెట్టుకున్న ఎక్స్‌సర్వీస్‌మెన్ ఇంకా ఉంటే సుబేదారు గారి దగ్గరకు తీసుకెళ్తాను, నాకు చెప్పండి. ఫీజు కట్టలేమనుకోవద్దు, వికలాంగులకు 1987 చట్టం కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. డిశ్చార్జి బుక్, బోర్డు కాగితం, అప్పీలుకు వచ్చిన జవాబు, అన్నీ జిరాక్సులే తేవాలి. ఒరిజినల్ తెస్తే ఆయన తిడతారు. స్వీట్లు తెచ్చినా తిడతారు, ఆయనకు షుగరు.