పిల్లల ఒంటికి రాసే ‘మూలికల’ మందుల్లో ఏముందో పరీక్షించండి

తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ డైరెక్టర్ జనరల్ గారికి నమస్కారం.

మా పాపకు ఎగ్జిమా అనే చర్మవ్యాధి ఉంది. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎర్రగా పొక్కి, రాత్రంతా గోకుతూనే ఉంటుంది. మా మంచి కోరే ఒక బంధువు చిన్న డబ్బా తెచ్చిచ్చారు. అన్నీ మూలికలేనట, రెండు రోజుల్లో తగ్గిపోతుందట. డబ్బా మీద తయారుచేసినవాళ్ల పేరు లేదు, లైసెన్స్ నంబరు లేదు, గడువు తేదీ కూడా లేదు.

అంత త్వరగా తగ్గుతుందంటేనే నాకు భయం. ఎగ్జిమా పిల్లలకు వాడుతున్న 24 మూలికా క్రీములను బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ వైద్యులు పరీక్షిస్తే 20లో స్టెరాయిడ్ (ఎరుపును, దురదను త్వరగా అణిచే మందు) బయటపడిందని 2003లో ప్రచురించారు. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే స్టెరాయిడ్ మంచి మందే. తెలియకుండా నెలల తరబడి రాస్తే మాత్రం పసిచర్మం పలచబడుతుంది, మందు ఒంట్లోకీ ఇంకుతుంది. ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెడుతుంది.

సంతల్లో, ఆన్‌లైన్‌లో అమ్మే ఇలాంటి మందుల నమూనాలు తీయించండి. ఆయుష్ శాఖతో కలిసి స్టెరాయిడ్ ఉందేమో ల్యాబ్‌లో చూపించి, ఫలితాలను మందుల పేర్లతో సహా తెలుగులో ప్రకటించండి. అనుమానం వచ్చిన తల్లిదండ్రులు డబ్బా తెచ్చిస్తే ఉచితంగా పరీక్షించే ఏర్పాటు ప్రతి జిల్లాలో చేయండి.

ఇట్లు,
ఒక తల్లి, వరంగల్