చెయ్యి ఎందుకు విరిగిందో ఒక్కరైనా అడగరా?

సంపాదకులకు నమస్కారం.

ఎముకల ఆరోగ్యం గురించి మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివి పది రోజులు దాటింది. రాయాలా వద్దా అనుకుంటూనే గడిపేశాను. నిన్న అమ్మను మంచం మీద నుంచి కుర్చీలోకి మారుస్తుంటే ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

వ్యాసం నిండా కాల్షియం, విటమిన్ డి, ఎండ. అవి తప్పని అనను. కానీ ఇప్పటికే ఒకసారి ఎముక విరిగినవాళ్ల గురించి అందులో ఒక్క వాక్యం లేదు. అసలు చెప్పాల్సింది వాళ్లకే కదా?

మా అమ్మ 63వ ఏట ఇంట్లో నడుస్తూ నడుస్తూ తూలి చేతి మీద పడింది. మణికట్టు విరిగింది. ఎక్స్‌రే తీశారు, పిండికట్టు వేశారు, ఆరు వారాలకు విప్పారు. బాగా అతుక్కుందన్నారు, మేమూ సంతోషించాం. నిలబడ్డ మనిషి నేల మీద పడినంత మాత్రాన ఎముక విరగడమేమిటని డాక్టర్ అడగలేదు, నర్సు అడగలేదు, మాకూ తోచలేదు. నాలుగేళ్ల తర్వాత బాత్రూమ్ గడప దగ్గర పడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక గానీ ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రాయలేదు. ఆరోగ్యంగా ఉన్న యువతతో పోలిస్తే ఎముక ఎంత పలచబడిందో చెప్పే టీ స్కోరు మైనస్ 3.4 వచ్చింది. మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లోనే చెప్పింది. ఆ స్కాన్‌కు సూది లేదు, నొప్పి లేదు, పావుగంట పడుకుంటే చాలు. మణికట్టు విరిగిననాడే రాసి ఉంటే నాలుగేళ్లు మందు పడేది.

అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. వెన్నులో రెండు పూసలు ఎప్పుడో కుంగిపోయాయట. పాత ఫొటోల్లో నాన్న చెవి దాకా ఉండే అమ్మ ఇప్పుడు భుజం దాకానే ఉంది. వయసు మీద పడిందని అందరం సరిపెట్టుకున్నాం. వెన్నుపూసలు చాలామందికి ఎక్కడా పడకుండానే, చెప్పుకోదగ్గ నొప్పి లేకుండానే కుంగుతాయని, ఎత్తు తగ్గడమే దానికి గుర్తని మీ వ్యాసం ఒక్క ముక్క రాసి ఉంటే ఎన్ని ఇళ్లల్లో పనికొచ్చేది!

తుంటి విరిగిన పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరిగేలోపే చనిపోతున్నారు. మిగిలినవాళ్లలో చాలామంది మునుపటిలా నడవలేరు. ఇది ఆడవాళ్ల జబ్బన్నట్టు రాయడం కూడా నాకు నచ్చలేదు. ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గి మొదటి కొన్నేళ్లలో ఎముక వేగంగా పలచబడుతుంది, నిజమే. కానీ 50 దాటిన మగవాళ్లలోనూ ఐదుగురిలో ఒకరికి ఇలా ఎముక విరగడం తప్పడం లేదు. ఆస్తమాకో కీళ్లవాతానికో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లకు ఏ వయసులోనైనా ముప్పు ఉంది. వాళ్లకు ఎవరు చెబుతున్నారు?

మందు రాశాకైనా సరిగ్గా చెబుతారా అంటే అదీ లేదు. ఈ జబ్బుకు వారానికొకటి వేసుకునే మాత్రను పరగడుపున గ్లాసు నిండా నీళ్లతో మింగి, అరగంట నడుము వాల్చకుండా ఉండాలి. చీటీ మీద ఆ మాట లేదు. అమ్మ మాత్ర వేసుకుని పడుకుంది. రెండు వారాలు గుండెల్లో మంటతో అల్లాడింది. ఆ టెన్షన్ అంతా ఒక్క నిమిషం చెబితే తప్పిపోయేది.

ఇక అధికారులు. ఏటా అక్టోబర్ 20న ప్రపంచ ఆస్టియోపోరోసిస్ దినం వస్తుంది, బ్యానర్లు కడతారు, ఉపన్యాసాలు ఇస్తారు. శిబిరాల్లో మడమకు మెషిన్ పెట్టి ఏదో నంబర్ చెప్పి పంపుతారు. దాన్నిబట్టి జబ్బు తేల్చడానికి వీల్లేదు, తుంటికీ వెన్నుకూ డెక్సా తీయాల్సిందేనని పక్కన నిలబడి చెప్పేవాళ్లుండరు. మర్నాటికి బ్యానర్లూ పోతాయి, ధ్యాసా పోతుంది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 1990ల చివర్లోనే ఒక పద్ధతి పెట్టారు. 50 దాటినవాళ్లు ఎముక విరిగి వస్తే, ఒక నర్సు వాళ్ల పేరు రాసుకుని, స్కాన్ చేయించి, అవసరమైతే మందు మొదలయ్యేలా చూస్తుంది. ఒక రిజిస్టరు, ఒక మనిషి, ఒక ఫోన్. ఆ మాత్రం ఏర్పాటు ప్రతి ఆసుపత్రిలో చేయడానికి ఇంకా ఎన్నేళ్లు కావాలి?

మీ పత్రికను చిన్నప్పటి నుంచి చదువుతున్నాను. ఒకప్పుడు ఆరోగ్య పేజీలో డాక్టర్లు ఒక్కో జబ్బు గురించి ఓపికగా రాసేవారు. ఇప్పుడు సగం పేజీ బొమ్మలే. మొదటిసారి ఎముక విరిగినవాళ్లు ఏం చేయాలో అదే పేజీలో అంతే చోటిచ్చి రాయించండి. పడిపోకుండా బ్యాలెన్స్ ఎలా పెంచుకోవాలో, ఒక్క నడకతో ఆపేయకుండా బరువులెత్తే వ్యాయామం ఏ వయసువాళ్లు ఎలా మొదలుపెట్టాలో కూడా రాయించండి.

మా పిన్నికి పోయిన నెల మణికట్టు విరిగింది. ఆవిడకు 61. కట్టు విప్పి ఇక ఇంటికి వెళ్లొచ్చన్నారు. స్కాన్ రాయమని మేమే అడిగి రాయించుకున్నాం.

ఇట్లు,
మీ పాఠకురాలు