మెట్లెన్నో ముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ప్రయాణాల పేజీలో భూగర్భ మెట్రోల గురించి వచ్చిన వ్యాసం చదివాను. చాలావరకు బాగుంది. 'ఏ దారిలో నిమిషాలు తక్కువో, రైలు మారడాలు తక్కువో ఆ దారే ఎంచుకోండి' అన్న సలహా దగ్గర మాత్రం ఆగిపోయాను. భుజానికి ఒక బ్యాగు తగిలించుకుని ఒంటరిగా తిరిగేవాళ్లకి అది సరిపోతుంది. రెండు సూట్‌కేసులతో, పక్కన 79 ఏళ్ల నాన్నతో బయల్దేరిన నాకు అదే పద్ధతి చుక్కలు చూపించింది.

ఫోన్‌లో 'ఇక్కడ రైలు మారాలి, నడక 4 నిమిషాలు' అని ఉంది. నాలుగు నిమిషాలేగా అనుకున్నాం. దిగి జనం వెంట నడిస్తే ఎదురుగా మెట్లు. ఎస్కలేటర్ లేదు. ఎక్కడానికి 44, ఆ పైన వంపు తిరిగిన పొడవాటి సొరంగం దారి, దాని చివర దిగడానికి మళ్లీ 26. పక్క లైను రైలెక్కాలంటే ముందు పైకెక్కి తర్వాత కిందికి దిగాలన్న సంగతి ఫోన్‌లో ఎక్కడా లేదు.

మా నాన్నకి మూడేళ్ల కిందట కుడి మోకాలు మార్చారు. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు వేయమని ఫిజియోథెరపిస్టు నేర్పింది. అప్పట్నుంచీ ఆయన మెట్టు మెట్టుకీ 'ఎక్కితే ఎడమ, దిగితే కుడి' అని పైకే అనుకుంటారు. ఎడమ కాలు వేసి, కుడి కాలిని దాని పక్కకి తెచ్చుకుని, ఒక ఊపిరి తీసుకుని, మళ్లీ ఎడమ కాలు. కర్ర ఎడమ చేతిలో ఉంటుంది కాబట్టి పట్టుకోవడానికి రెయిలింగ్ కుడివైపే కావాలి. ఆ స్టేషన్‌లో ఎక్కేవాళ్లు ఎడమవైపు నడవాలని బాణం గుర్తు వేశారు. ఆయన కుడివైపు పట్టుకుంటే దిగేవాళ్లందరికీ అడ్డం. రైలు దిగిన గుంపు గుంపంతా ఆయన చుట్టూ చీలిపోయి వెళ్తుంటే నాకు ఒకటే టెన్షన్.

ఇక సామాను. రెండు పెట్టెలూ ఒకేసారి మోయలేను. ఒకటి పైన పెట్టి వస్తే దానికి కాపలా ఎవరు? నాన్నని కింద నిలబెట్టి వెళ్తే ఆయన నిలబడతారా, నా వెనకే ఎక్కడం మొదలుపెడతారు. పులి, మేక, గడ్డిమోపు ఏరు దాటే లెక్క గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాకు ఆ లెక్క చెప్పింది ఆయనే, రిటైరైన లెక్కల మాస్టారు. చివరికి ఎవరో కుర్రాడు అడక్కుండానే ఒక పెట్టె అందుకుని పైన పెట్టి, థాంక్స్ చెప్పేలోపే వెళ్లిపోయాడు. మొత్తం 27 నిమిషాలు పట్టింది.

అవతలి ప్లాట్‌ఫాం మీద సిబ్బందిని అడిగితే అప్పుడు తెలిసింది, మేం దిగిన ప్లాట్‌ఫాం రెండో కొసన లిఫ్టు ఉందని. 'మొదటి బోగీలో ఎక్కి ఉంటే సరిగ్గా లిఫ్టు ముందే దిగేవాళ్లు' అన్నారు. మేం ఆఖరి బోగీలో కూర్చున్నాం, ఖాళీగా ఉందని.

అసలు కీలకమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఎక్కేటప్పుడు ఏ బోగీ ఎక్కామన్నదే దిగాక ఎంత నడవాలో తేలుస్తుంది. సియోల్‌లో ప్లాట్‌ఫాం తలుపుల మీద బోగీ నంబరు, తలుపు నంబరు కలిపి 5-3 లాంటి గుర్తులుంటాయి. ఏ తలుపు దగ్గర దిగితే లైను మారే దారి దగ్గరో అక్కడి యాప్‌లు చెప్పేస్తాయి. టోక్యో మెట్రోలో ఏ స్టేషన్‌లో ఏ బోగీ ఎదురుగా మెట్లున్నాయో, ఏ బోగీ ఎదురుగా ఎస్కలేటరో లిఫ్టో ఉందో చూపే బోర్డులు ప్లాట్‌ఫాం మీదే కనిపిస్తాయి. అయితే ఒక జాగ్రత్త. 'దగ్గరి తలుపు' అంటే సాధారణంగా మెట్లకి దగ్గరి తలుపే. మనం చూసుకోవాల్సింది లిఫ్టుకి దగ్గరి తలుపు. అది ఒక్కోసారి రైలుకి పూర్తిగా అటు చివర ఉంటుంది.

అన్నిటికంటే హాయి, దిగిన ప్లాట్‌ఫాం మీదే అవతలి అంచుకి నడిచి రెండో రైలు ఎక్కడం. మెట్లూ వద్దు, లిఫ్టూ వద్దు. సింగపూర్‌లో సిటీ హాల్, రాఫెల్స్ ప్లేస్ పక్కపక్క స్టేషన్లు. రెండు చోట్లా అవే రెండు లైన్లు కలుస్తాయి. వాటిలో ఒక స్టేషన్‌లో కొన్ని దిక్కులకి ఎదురంచునే రైలు దొరుకుతుంది, మిగతా దిక్కులకి రెండో స్టేషన్‌లో దొరుకుతుంది. హాంకాంగ్‌లో మాంగ్‌కాక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ కూడా ఇలాంటి జంటే. తెలియనివాళ్లు తప్పు స్టేషన్‌లో దిగి మెట్లెక్కుతారు, తెలిసినవాళ్లు జంటలో రెండో స్టేషన్‌లో దిగి పది అడుగులు వేస్తారు. లండన్‌లో విక్టోరియా లైను కట్టినప్పుడే ఈ సంగతి ఆలోచించారు. ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో బేకర్లూ లైనుకీ, స్టాక్‌వెల్‌లో నార్తర్న్ లైనుకీ అదే మట్టంలో పక్కకి దాటి మారొచ్చు. పారిస్‌లో షాట్లే మాత్రం పటం మీద ఒక్క పేరే, లోపల కదిలే నడకదారులు పెట్టాల్సినంత దూరం.

వెనక్కి తిరిగి రావడం కూడా ఒక దారే. మనం మారాల్సిన చోట మెట్లే ఉండి, తర్వాతి స్టేషన్‌లో రెండు దిక్కుల రైళ్లూ ఒకే ప్లాట్‌ఫాంకి అటూ ఇటూ ఆగుతుంటే, అక్కడిదాకా పోయి ఎదురు రైలెక్కి వస్తే మన స్టేషన్‌లో అవతలి వైపు దిగుతాం. లిఫ్టు ఆ వైపే ఉంటే పని అయిపోయినట్టే. ఇది ముందు విని నవ్వాను, తర్వాత రెండుసార్లు చేశాను.

ఫోన్ మ్యాపుల్లో 'తక్కువ నడక', 'తక్కువ మార్పులు', 'వీల్‌చైర్ వెళ్లే దారి' అని విడిగా ఎంచుకునే వీలుంది. మొదటిది చూసి మోసపోకండి. నడక తక్కువంటే మెట్లు తక్కువని కాదు. నిటారుగా 60 మెట్లున్నా నడక తక్కువే కదా. పెట్టెలున్నా, నెమ్మదిగా నడిచేవాళ్లున్నా మూడోది నొక్కడమే మేలు. నేను నొక్కుతుంటే నాన్న చూశారు. 'నాకు చక్రాల కుర్చీ ఎందుకే?' అని రోజంతా ముఖం ముడుచుకున్నారు. 'మీకు కాదు నాన్నా, పెట్టెలకి' అంటే శాంతించారు. దాంతోపాటు లిఫ్టు ఆ రోజు పనిచేస్తోందో లేదో కూడా చూసుకోవాలి. లండన్, న్యూయార్క్ మెట్రోలు ఆ సమాచారం ఎప్పటికప్పుడు పెడతాయి. న్యూయార్క్‌లో ఉన్న 472 స్టేషన్లలో ఎక్కువ వాటికి అసలు లిఫ్టే లేదు కాబట్టి, ఉన్న ఒక్కటీ ఆగిందంటే ఆ స్టేషన్ మనకి లేనట్టే. ఇంకోటి, రైలు మారడానికి వీలైన స్టేషను బయటికి రావడానికి వీలుగా ఉండాలని లేదు. రెండూ విడివిడిగా చూసుకోవాలి.

తిరుగు ప్రయాణంలో 11 నిమిషాలు ఎక్కువ పట్టే దారి పట్టుకున్నాం. రెండు చోట్ల మారాలి. ఒకచోట ఎదురంచు, ఇంకోచోట లిఫ్టు. దిగాక వెంటనే కదలకుండా ఒక పక్కగా నిలబడి గుంపంతా పోయాకే నడిచాం. 'ఎడమ, కుడి' అన్న మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. పెట్టెల చక్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు.

అందుకే నా మనవి. మీ పేజీలో ఇలాంటి వ్యాసం ఈసారి వేసినప్పుడు, నిమిషాల పక్కన ఇంకో రెండు ముక్కలు వేయించండి: ఎన్ని మెట్లు, లిఫ్టు ప్లాట్‌ఫాంకి ఏ కొసన. రాసేవాళ్లు ఒక్కసారి రెండు పెట్టెలతో తిరిగి చూసి రాస్తే మరీ మంచిది. మా నాన్న ఆ ప్రయాణంలో తిరిగిన స్టేషన్లన్నిటి లెక్కా ఒక చిన్న నోట్‌బుక్‌లో వేసి ఉంచారు. ఎక్కే మెట్లు ఒక గడిలో, దిగేవి ఇంకో గడిలో. కలిపి రాస్తే సరిపోతుంది కదా అన్నాను. 'దిగడమే ఎక్కువ నొప్పే, రెండూ ఎలా కలుపుతాం?' అన్నారు. కావాలంటే ఆ పేజీలు ఫొటో తీసి పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు