ఐదు వోల్టుల పక్కనే పొంచి ఉన్న ప్రమాదం

సంపాదకులకు,

చిత్తూరులో పదిహేనేళ్లుగా మోటారు డ్రైవులు, అంటే మోటారు వేగాన్ని మార్చే పెట్టెలు, బాగుచేస్తున్నాను. తోతాపురి కాలంలో మామిడి గుజ్జు పరిశ్రమల నుంచి కాలిన బోర్డులు వరసగా వస్తాయి. మొన్న నా దగ్గర పని నేర్చుకుంటున్న అబ్బాయి, "ఇది ఐదు వోల్టుల వైపే కదన్నా" అంటూ ఒక బోర్డును తాకి వెనక్కి పడిపోయాడు. బతికాడు. వేళ్లు మాత్రం కాలాయి.

మీటరు ఐదు వోల్టులే చూపించింది. అబద్ధం కాదు. 415 వోల్టుల త్రీఫేజ్ కరెంటును డీసీగా మారిస్తే సుమారు 587 వోల్టులవుతుంది. మోటారును అదుపు చేసే చిప్పు, మైక్రోకంట్రోలర్‌కు కావలసింది ఐదే. రెగ్యులేటరుతో నేరుగా దించితే 100 మిల్లీఆంపియర్లకే 58 వాట్లు వేడిగా పోతాయి. అందుకే చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో ఫ్లైబ్యాక్ సరఫరా (వోల్టేజీని దించే చిన్న పవర్ సప్లై) పెట్టి రెండు వైపులనూ విడదీస్తారు. సంకేతాలు ఆప్టోకప్లర్ల ద్వారా, అంటే తీగ కలపకుండా వెలుగుతో, దాటుతాయి. ఆ బోర్డులో మాత్రం కంట్రోల్ గ్రౌండును, అంటే ఐదు వోల్టుల వైపు సున్నా తీగను, 587 వోల్టుల డీసీ మైనస్‌కే కలిపేశారు. మీటరు చూపిన ఐదు ఆ గ్రౌండుతో పోలిస్తేనే; భూమితో పోలిస్తే అక్కడ 339 వోల్టుల దాకా ఉంటుంది!

బయటికి తీగలేవీ రాకుండా పెట్టెలో మూసేస్తే ఆ పద్ధతి చెల్లుతుంది. కానీ వేగం మార్చే నాబ్ తీగలు బయటికే వచ్చాయి, హెచ్చరిక ఒక్కటీ లేదు. ఇలాంటి పెట్టెల మీద తెలుగులో హెచ్చరిక తప్పనిసరి చేయాలని, ఐటీఐల్లో విడదీసిన బోర్డుకూ విడదీయని బోర్డుకూ ఉన్న ఈ తేడాను పిల్లలకు చేతికి మీటరిచ్చి చూపించాలని అధికారులను వేడుకుంటున్నాను.

– ఒక మరమ్మతు పనివాడు, చిత్తూరు